మొదటి అరగంట: కొండకింద పల్లెల్లో చిరుత ప్రాజెక్టు డైరీ

మార్చి, రెండో వారం

పని మొదలుపెట్టాం. శేషాచలం కొండల కింద, చంద్రగిరి వైపు, అడవికీ మామిడి తోటలకీ మధ్యలో ఉన్న మూడు పల్లెలు. చిరుత తిరిగే చోట మనుషులూ జీవాలూ ప్రమాదం లేకుండా ఎలా ఉండాలో ఊరివాళ్ళతో కలిసి నేర్చుకోవడం, నేర్పించడం మా పని. పల్లెల పేర్లు రాయను. రాస్తే ఆదివారం పూట బైకులేసుకుని సెల్ఫీల కోసం వచ్చేవాళ్ళు తయారవుతారు.

జట్టు చిన్నది. నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. నాతోపాటు ఇద్దరు డిగ్రీ పిల్లలు, అటవీ శాఖలో వాచరుగా చేసి మానేసిన పెద్దాయన, పాలకేంద్రంలో పాలు పోయించుకునే అక్క, జీవాలు మేపే మామ. మామను చేర్చుకుందామంటే మావాళ్ళలో ఒకరు నసిగారు. ఆయన మీటింగులకు రాడు, కాగితం చదవడు అని. కానీ ఈ మూడు పల్లెల్లో చిరుతను అందరికంటే ఎక్కువసార్లు చూసింది ఆయనే. చూసి తిరిగి ఇంటికి వచ్చింది కూడా.

అటవీ శాఖ రేంజి ఆఫీసులో ముందే లెటరు ఇచ్చాం. అడవిలోపలికి పోం, కెమెరాలు కట్టం, బోనుల జోలికి వెళ్ళం. ఊరి హద్దు దగ్గర మా పని ఆగిపోతుంది.

మొదటి మీటింగులోనే ఒకాయన లేచాడు. "చిరుత సంగతి చెప్తా ఉండారు, సరే. పెద్దపులి వస్తే ఏం చెయ్యాల?" అడగాల్సిన ప్రశ్నే. ఈ కొండల్లో 1989లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర జాతీయ ఉద్యానవనం 353 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. ఇక్కడ మనకు ఎదురయ్యేది చిరుతే. పెద్దపులుల ఇలాకా నల్లమల, అంటే నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. అయితే నల్లమల నుంచి కడప జిల్లా లంకమల మీదుగా శేషాచలం దాకా పులులు నడిచే దారిని కారిడార్‌గా కాపాడాలన్న ప్రతిపాదన చాలా కాలంగా ఉంది. పులిపిల్ల రెండేళ్ళ వయసుకు వచ్చేసరికి తల్లిని వదిలి సొంత చోటు వెతుక్కుంటూ చాలా దూరం పోతుంది. కాబట్టి రేపు ఈ వైపు రాదని ఎవరూ రాసివ్వలేరు. మేం చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు రెండింటికీ పనికొస్తాయి. తేడా ఉన్నచోట తేడా చెప్తాం.

తిరుపతి వాళ్ళు 2023 ఆగస్టును మర్చిపోలేరు. అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాపను చిరుత ఈడ్చుకుపోయి చంపింది. అంతకు రెండు నెలల ముందే అదే దారిలో ఒక చిన్న బాబును నోట కరుచుకుని వదిలేసింది. తర్వాత బోనులు పెట్టి కొన్ని చిరుతల్ని పట్టారు. భక్తులకు చేతికర్రలిచ్చారు. చిన్నపిల్లలతో మధ్యాహ్నం రెండు దాటాక నడవనివ్వలేదు, మిగతావాళ్ళను గుంపులుగా పంపారు. కర్రల మీద అప్పట్లో బోలెడు జోకులు పేలాయి. నన్నడిగితే కర్ర సంగతి ఎలా ఉన్నా, గుంపుగా పొమ్మనడం, పిల్లల్ని వెలుతురుండగానే దాటించడం చాలా మంచి పనులు. కొండకింద పల్లెలకు మాత్రం అలా చెప్పినవాళ్ళు లేరు. భక్తులు ఎప్పుడో ఒకసారి నడుస్తారు, వీళ్ళు రోజూ నడుస్తారు.

మార్చి చివర

పోస్టర్లు వేసే ముందు అసలు ఏది ఎటు తిరుగుతోందో చూద్దామనుకున్నాం. ఊళ్ళోకి వచ్చే బాటల మీద అక్కడక్కడా జల్లెడ పట్టిన సన్న ఇసుకను పట్టీలా పరిచాం. సాయంత్రం చీపురుతో చదును చేయాలి, తెల్లారి వచ్చి చూడాలి. ఈ పని తొమ్మిదో తరగతి పిల్లలకు అప్పజెప్పాం. బడికి రోజూ ఆలస్యంగా వచ్చేవాళ్ళు కూడా ఆరింటికే ఇసుక దగ్గర హాజరు. నా క్లాసుకు ఇంత ఉత్సాహం ఎప్పుడూ చూపలేదు, అది వేరే బాధ.

ముద్ర చదవడం పెద్ద విద్యేమీ కాదు. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి ముద్రలో గోళ్ళు కనబడవు. కుక్క, నక్క, దుమ్మలగొండి ముద్రల్లో గోళ్ళ గీతలు ముందువైపు పడతాయి. అరికాలి మెత్త వెనక అంచున మూడు గుబ్బలుంటే పిల్లి జాతి. ఇక సైజు. జంగపిల్లిది చాలా చిన్నది. చిరుతది సుమారు 7 నుంచి 9 సెంటీమీటర్ల వెడల్పు. పెద్దపులిది 12 దాటుతుంది. ప్రతి పిల్లాడి జేబులో జామెట్రీ బాక్సు స్కేలు ఉంటుంది, అది చాలు.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చులు తీశాం. ముద్ర చుట్టూ అట్టముక్కను గుండ్రంగా నిలబెట్టి, పిండిని దోశపిండిలా జారుగా కలిపి, ముద్ర మీద నేరుగా కాకుండా పక్కనుంచి మెల్లగా పోయాలి. అరగంట తర్వాత ఎత్తాలి. తొందరపడి ఎత్తితే విరుగుతుంది. ఇసుక మరీ పొడిగా ఉంటే అంచులు కూలిపోతాయి, ముందు రోజు సాయంత్రం కొంచెం నీళ్ళు చిలకరిస్తే నిలుస్తాయి.

వచ్చిన అచ్చుల్లో ఎక్కువ కుక్కలవే. ఊరి వాట్సాప్ గ్రూపులో 'పులి అడుగు' అని తిరుగుతున్న ఫొటోను పిల్లలు చూసి, గోళ్ళు ఎర్ర గీతలు పెట్టి చూపించి, కుక్కదేనని తేల్చేశారు. అప్పటి నుంచి గ్రూపులో పుకారు పెట్టేవాళ్ళు కొంచెం వెనకాముందు ఆలోచిస్తున్నారు.

అయితే అసలు చిరుత ముద్రలు కూడా పడ్డాయి. పాలకేంద్రం వెనక బాట మీద ఒకసారి, మామిడి తోట గట్టు పక్కన ఇంకోసారి. ఆ రాత్రి ఎవరూ ఏమీ చూడలేదు. అచ్చును చేతిలో పట్టుకుని ఒక అవ్వ అడిగింది. "అంటే ఇన్నాళ్ళూ అది మన వాకిట్లోనే పోతా వస్తా ఉండాదా నాయనా?" అవునవ్వా అన్నాను. "మరి మనల్నేమీ చెయ్యలేదే!" అంది. మేం పోస్టరు మీద రాద్దామని తంటాలు పడుతున్న మాట ఇదే. పక్కనున్న కోడలు మాత్రం ఇకనుంచి చీకటి పడితే పిల్లల్ని బయటికి పంపనంది. ఆమె మాటనూ పోస్టరెక్కించాం.

ఏప్రిల్

జీవాలున్నవాళ్ళ ముందు నిలబడి అడవికి పులి ఎంత అవసరమో ఉపన్యాసమిస్తే వినరు. వినాల్సిన పని కూడా లేదు. ఒక మేక పోతే ఇంట్లో నెల ఖర్చు పోయినట్టే. అందుకే చేతిలో ఉన్న కాస్త డబ్బులో ముందు దొడ్డి కట్టాం. డబ్బు మా జేబుల్లోది, మా బడిలో చదివి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు పంపినది.

మామ దొడ్డి చుట్టూ కంప, నడుమెత్తు. పైన ఆకాశం. నక్కను ఆపుతుంది, చిరుతను ఆపదు. ఆరేడడుగుల గోడ కూడా దానికి లెక్క కాదు. దూకి లోపల పడ్డాక జీవాలు బెదిరి అటూ ఇటూ పరిగెత్తుతాయి, అప్పుడు ఒకటి చాలిన చోట నాలుగైదింటిని చంపేస్తుంది. గోడ ఎత్తు పెంచే ఖర్చును పైకప్పు మీద పెట్టాలన్నది మా లెక్క.

పాత రాతి కూసాలు అలాగే ఉంచి చుట్టూ, పైనా చైన్‌లింక్ మెష్ కట్టాం. అడుగున మెష్‌ను కొంత భూమిలోకి దించి, దాని మీద రాళ్ళు పేర్చాం. లోపలివైపు కింద పాత రేకులు కట్టాం. ఇది మామ చెప్పిన ఉపాయం. జీవాలు మెష్‌ను ఆనుకుని పడుకుంటాయట, బయట నుంచి పంజా దూర్చి గీరితే చాలు, ఆ పుండుతోనే చస్తాయట. తలుపు దగ్గర మాత్రం రోజంతా వాదన జరిగింది. మెష్ అంతా గట్టిగా కట్టి చివరికి తలుపుకు తాడు కట్టడం అందరి అలవాటు. ఇనప ఫ్రేము, గొళ్ళెం, కింద సందు లేకుండా బండ. అదొక్కటే వెల్డింగు షాపులో చేయించాం, మిగతాదంతా మేమే. పైన మెష్ మధ్యలో జారుతోంది, వెదురు బొంగులు అడ్డంగా వేశాం. వానలు పడి ఆకులు తడిసి బరువెక్కితే మళ్ళీ చూడాలి.

లైటు దగ్గర ఇంకో గొడవ. రాత్రంతా ఒకే తీరుగా వెలిగే బల్బుకు జంతువు అలవాటు పడిపోతుంది. కదలిక పసిగట్టి వెలిగే సోలారు లైటు తెచ్చాం. అది కుక్క కదిలినా వెలుగుతుంది, మామ పక్క మీద దొర్లినా వెలుగుతుంది. రెండోనాటికే దాని మీద గోనెపట్ట కప్పేశాడు. "కంటి మీద కునుకు లేదు అయ్యోరా. పులి తినకపోయినా ఈ లైటు నన్ను తినేసేటట్టుండాది." దొడ్డి వెనకవైపుకు, అడవి మొహంగా మార్చి పెట్టాం. ఇప్పుడు ఇద్దరూ నిద్రపోతున్నారు, మామా, కుక్కా.

చూడడానికి చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చారు. ఖర్చు విని వెనక్కి తగ్గారు. ఇద్దరు ముగ్గురు కలిసి రాత్రికి ఒకే దొడ్డిలో తోలుకుందామంటే, ఒకరి జీవాలకు రోగమొస్తే మిగతావాటికి అంటుకోదా అన్నారు. నిజమే. మేకలకూ గొర్రెలకూ వచ్చే పీపీఆర్ అనే అంటురోగం తగిలితే మంద మొత్తం పోతుంది. ముందు టీకాలు, తర్వాత ఉమ్మడి దొడ్డి అని తేలింది. పశువుల డాక్టరు తేదీ ఇవ్వాలి.

అదే నెలలో

పాలకేంద్రం తెల్లవారుజామునే తెరుస్తారు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే క్యానుతో చీకట్లో నడుస్తారు. చిరుత ఇంటిదారి పట్టే వేళ కూడా అదే. వేళ మార్చమంటే వ్యాను తిరుపతి చేరాల్సిన టైము అడ్డొచ్చింది. అక్క డ్రైవరుతో మాట్లాడి వ్యాను రూటును తిరగేయించింది. ముందు రోడ్డు పక్క ఊళ్ళు, చివర మాది. అరగంట దక్కింది, వెలుతురు వచ్చాక పాలు పోస్తున్నారు. నేను లెటర్లు రాయాలనుకుంటున్నాను, ఆమె రెండు మాటల్లో తేల్చేసింది.

ఇంకోటి చెప్పడానికి మొహమాటపడేది. చీకట్లో చెంబు పట్టుకుని కంపల్లోకి వెళ్ళడం. కూర్చున్న మనిషి చిరుత కంటికి చిన్న జంతువు ఎత్తే ఉంటాడు. నిలబడి నడిచే పెద్దమనిషిని అది సాధారణంగా తప్పించుకుని పోతుంది. కొన్ని ఇళ్ళలో మరుగుదొడ్లు కట్టుకుని కట్టెలు పేర్చుకున్నారు. ఈ సంగతి మగవాళ్ళ మీటింగులో ఒకరకంగా, ఆడవాళ్ళ దగ్గర అక్క ద్వారా ఇంకోరకంగా చెప్పించాం. కట్టెలు కొన్ని ఇళ్ళలో బయటికొచ్చాయి.

మే

ఉమ్మడి చిత్తూరు జిల్లా తీరే వేరు. ఎండాకాలం వస్తే ధర్మరాజుల గుళ్ళలో భారతం మొదలవుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, ఒకరోజు అర్జునుడు తపసు మాను ఎక్కడం, చివర్లో దుర్యోధన వధ. పక్క ఊళ్ళ నుంచి జనం నడిచొచ్చి తెల్లవార్లూ చూస్తారు, తెల్లారకముందే తోటల మధ్య నుంచి ఇళ్ళకు పోతారు. మామిడి కాపు కూడా అప్పుడే. కాపలావాళ్ళు చెట్ల కింద చాప వేసుకుని నేల మీద పడుకుంటారు.

నాటకం ఆపి మైకులో మనం మాట్లాడితే జనం తిడతారని నా భయం. వాచరు పెద్దాయన నాటకం గురువుతో మాట్లాడాడు. ఆయన అభ్యంతరం పెట్టలేదు సరికదా, కట్టియంకాడి నోటనే చెప్పిస్తానన్నాడు. ఆ హాస్యగాడు రాజుగారి ముందు వంగి, "దొరా, తమరి సభ ముగిసినాక ఈ జనం ఒంటరిగా పోతే చిరుత దొరవారు దారిలో కప్పం వసూలు చేస్తారంట" అని మొదలుపెట్టి, గుంపుగా పొండి, పిల్లల్ని మధ్యలో పెట్టుకోండి, టార్చి వెయ్యండి, గట్టిగా మాట్లాడుకుంటూ పొండి, ఎదురైతే పరిగెత్తకుండా నిలబడి చేతులు పైకెత్తి అరవండి అని అన్నీ చెప్పేశాడు. మేం వేసిన కరపత్రాల్లో బజ్జీలు చుట్టారు. కట్టియంకాడి మాటలు మాత్రం వారం తర్వాత కూడా పిల్లలు అప్పజెప్తున్నారు.

తోట కాపలావాళ్ళకు మంచాలు అడిగాం. కొందరు యజమానులు ఇచ్చారు. ఇవ్వనివాళ్ళ తోటల్లో కాపలావాళ్ళే మంచె కట్టుకున్నారు.

ఇక్కడే ఒక కుర్రాడు ఫోన్లో వీడియో చూసి అడిగాడు, తలకు వెనక మొహం మాస్కు పెట్టుకుంటే పులి రాదంట కదా అని. అది సుందర్బన్స్ కథ. బెంగాల్లో 1986 ప్రాంతంలో తేనె తీసేవాళ్ళకు, కట్టె కొట్టేవాళ్ళకు వెనకవైపు మాస్కులు ఇచ్చారు. పెద్దపులి వెనకనుంచి మీద పడుతుందని, మొహం కనిపిస్తే వెనకాడుతుందని. మొదట్లో బాగానే పనిచేసింది, పోనుపోను పులులు మోసపోవడం తగ్గిందంటారు. అడవి మధ్యలో రోజంతా పనిచేసేవాళ్ళకు చేసిన ఏర్పాటది. మన ఊరి బాట మీద మాస్కు కంటే పక్కన ఇంకో మనిషి ఉండడం మేలు.

ప్రతి మీటింగులోనూ వచ్చే మాట ఇంకోటుంది. "బోను పెట్టి పట్టుకుపొండి సార్, యాడన్నా దూరంగా ఇడిచిపెట్టండి." దీనికి మహారాష్ట్ర జున్నర్ అనుభవం చెప్తున్నాను. చెరకు తోటల్లో తిరిగే చిరుతల్ని అక్కడ 2001 నుంచి పెద్ద ఎత్తున పట్టి వేరే అడవుల్లో వదిలారు. విద్యా ఆత్రేయ, ఆమెతో పనిచేసినవాళ్ళు 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం అంతకుముందు జున్నర్‌లో ఏడాదికి సగటున నాలుగు దాడులు జరిగేవి. పట్టి వదలడం మొదలయ్యాక ఆ సగటు 325 శాతం పెరిగింది. కొత్త చోట దిక్కు తెలియని జంతువు, ఖాళీ అయిన చోటుకు ఇంకో జంతువు. మనిషికి అలవాటు పడి దాడి చేస్తున్న జంతువును అటవీ శాఖ పట్టాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. బాట మీద నడిచి పోయినదాన్నల్లా పట్టమంటేనే ఇబ్బంది. ఈ మాట అందరూ ఒప్పుకోలేదు. మామ కూడా ఒప్పుకోలేదు.

జూన్

నాకు మొదటి నుంచీ ఉన్న టెన్షన్ చిరుత గురించి కంటే జనం గురించి. ఊళ్ళోకి వచ్చిన చిరుత కొట్టంలో దూరితే దాన్ని అలాగే వదిలేస్తే చీకటి పడ్డాక తన దారిన తాను పోతుంది. చుట్టూ జనం మూగితే బయటపడే దారి లేక అడ్డొచ్చినవాళ్ళను చీరేస్తుంది. అందుకే అందరూ కలిసి మొదటి అరగంటలో ఏం చేయాలన్నదే మా అసలు పాఠం. పాఠం చెప్తే వచ్చేది కాదు, ఆడించి చూడాలి.

దసరాకు పులివేషం కట్టే కుర్రాణ్ణి తిరుపతి నుంచి పిలిపించాం. సర్పంచికి, అటవీ శాఖ బీటు ఆఫీసరుకు, పోలీస్ స్టేషనుకు చెప్పాం. ఊళ్ళో కూడా డ్రిల్లు ఉంటుందని దండోరా వేయించాం, ఎప్పుడన్నది మాత్రం చెప్పలేదు. మధ్యాహ్నం పూట వేషగాణ్ణి ఖాళీ పశువుల కొట్టంలో కూర్చోబెట్టి, మా డిగ్రీ అబ్బాయి చేత "పులీ!" అని అరిపించాం.

డ్రిల్లని తెలిసి కూడా ఊరు ఊరంతా కదిలింది. కొట్టం చుట్టూ నాలుగు వైపులా మనుషులు. గడ్డివామి మీద పిల్లలు. తక్కువ ఎత్తు రేకుల కప్పు మీద వీడియో తీసేవాళ్ళు. ఎవరో కుక్కల్ని ఉసిగొల్పారు, ఎవరో రాయి విసిరారు, అది వేషగాడికే తగిలింది. బయటికొచ్చాక చెమటలు కారుతూ అన్నాడు. "సార్, నేను మనిషిని, నాకే భయమేసింది. ఎటు చూసినా కాళ్ళే కనబడతా ఉండాయి." ఆ మాటను మైకులో మళ్ళీ చెప్పించాం. నవ్వులు ఆగిపోయాయి.

సాయంత్రం రచ్చబండ దగ్గర పనులు పంచుకున్నాం. బీటు ఆఫీసరుకు ఫోను చేసేది ఒక్కరే, పదిమంది చేస్తే పది రకాలుగా చెప్తారు. ఆయన దొరక్కపోతే ఎవరికి చేయాలో గోడ మీద రాసి ఉంటుంది. వీధి రెండు కొసల్లో ఇద్దరేసి నిలబడి లోపలికి ఎవర్నీ రానివ్వరు. పొదుపు సంఘం లీడర్లు పిల్లల్ని, ముసలివాళ్ళను ఇళ్ళలో పెట్టి తలుపులు వేయిస్తారు. కుక్కల్ని కట్టేయడం ఒకరి పని. అడవి వైపు దారి పూర్తిగా ఖాళీగా వదలాలి, అటువైపు ఒక్క మనిషి కూడా ఉండకూడదు. అటవీ సిబ్బంది వచ్చాక వాళ్ళ మాటే మాట. పెద్దపులి అయితే ఇంకా దూరం జరగాలి, ఏ పరిస్థితిలోనూ కొట్టం తలుపు మూద్దామని ఎవరూ పోకూడదు. ఊళ్ళ దగ్గరికొచ్చిన పులి గురించి జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ రాసిపెట్టిన నియమావళిలో కూడా గుంపును ఆపడం ముఖ్యమైన పనుల్లో ఒకటి. బంగ్లాదేశ్ వైపు సుందర్బన్స్ అంచు ఊళ్ళలో ఇదే పనికి వలంటీర్ల జట్లున్నాయి.

మత్తు సూది మీద జనానికి సినిమా నమ్మకం ఉంది. తగలగానే జంతువు పడిపోతుందని. మందు ఎక్కడానికి నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల్లో అది పరిగెత్తుతుంది, ఎదురొచ్చినవాళ్ళ మీద పడుతుంది. గుంపు ఉంటే డాక్టరు సూది వేయడానికే జంకుతాడు. బావిలో పడినప్పుడూ అంతే. తాళ్ళతో మంచం దించి, రాత్రికి నిచ్చెన వదిలి జనం పక్కకు పోతే చాలాసార్లు అదే ఎక్కి పోతుంది. పిట్టగోడ లేని బావులు ఈ మూడు ఊళ్ళలో చాలానే ఉన్నాయి. చిరుతకే కాదు, బడి పిల్లలకూ అవి గండమే.

చీకటి పడ్డాక ఇంకోసారి డ్రిల్లు చేశాం. ఈసారి వీధి కొసల్లో నిలబడ్డవాళ్ళు గట్టిగానే ఆపారు. రేకుల కప్పు మీద మాత్రం మళ్ళీ ఇద్దరు ఎక్కారు, ఒకడు సర్పంచి మేనల్లుడు. వాణ్ణే కప్పులెక్కేవాళ్ళను దించే పనికి పెట్టాం.

జులై మొదట్లో

చెనిక్కాయ విత్తనాలు పడ్డాయి, అడవిపందులు దిగాయి. దాంతోపాటు పొలం చుట్టూ దొంగతీగలు. పంది కోసం వదిలిన కరెంటు చిరుతనూ చంపుతుంది, ఏనుగునూ చంపుతుంది, తెల్లారి నీళ్ళు కట్టడానికి వచ్చే పక్క రైతునూ చంపుతుంది. బైకు క్లచ్ వైరుతో వేసే ఉచ్చులూ అంతే. నడుముకు వైరు బిగుసుకుని పెనుగులాడే చిరుత దగ్గరికి పోవడం కంటే ప్రమాదం ఇంకోటి ఉండదు. దీని మీద బహిరంగ మీటింగు పెట్టలేదు. పెడితే ఎవరూ నోరు విప్పరు. వాచరు పెద్దాయన ఒక్కొక్కరి ఇంటికి పోయి మాట్లాడాడు. కొన్ని తీగలు పోయాయి. ఎన్నో, ఎవరివో నేను అడగలేదు.

జులై చివర

అనుకున్నదే వచ్చింది. రెండో ఊళ్ళో, పైన కప్పు లేని దొడ్డిలోంచి రాత్రి ఒక మేకను ఎత్తుకుపోయింది. తెల్లవారుజామున కుక్కలు మొరిగితే లేచి చూశారు. ఫోను చేయాల్సినవాడే చేశాడు, బీటు ఆఫీసరు వచ్చేలోపు వీధి కొసల్లో మనుషులు నిలబడ్డారు. సగం తిన్న మేక మామిడి తోట చివర దొరికింది. జాడ వెతుకుతూ లోపలికి పోతామన్న కుర్రాళ్ళను ఊరివాళ్ళే ఆపారు. పక్క ఊరి నుంచి బైకుల మీద వచ్చినవాళ్ళను మాత్రం ఆపలేకపోయారు, పోలీసు వచ్చాకే పోయారు. డ్రిల్లులో పక్క ఊరి సంగతి లేదు, చేర్చాలి.

యజమాని కొడుకు పురుగుమందు డబ్బా పట్టుకొచ్చాడు, మిగిలిన మాంసం మీద పోస్తానని. వాడి కోపం అర్థం చేసుకోగలను. కూర్చోబెట్టి మాట్లాడింది మామే. "ఒరే అబ్బోడా, దీన్ని ముందు తినేది నీ కుక్కే. పులి సచ్చిందనుకో, కేసు నీ మీద, పరిహారం గోవిందా." చిరుత, పెద్దపులి రెండూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నవే, విషం పెడితే జైలే. ఆ పైన అది పిల్లలున్న తల్లి అయితే ఆ పిల్లలు ఊళ్ళోకే వస్తాయి.

మేకను కదపకుండా ఫొటోలు తీశాం, పశువుల డాక్టరు చూసి కాగితం రాశాడు, పంచనామా అయింది. అంతా అయ్యాక కూడా ఆ మాంసాన్ని అక్కడే వదిలేయమన్నారు. తీసేస్తే ఆకలితో ఆ రాత్రికే ఇంకో దొడ్డి వెతుక్కుంటుంది, ఉంచితే దాని కోసమే వచ్చి తిని పోతుంది. "నా మేకను నేనే దానికి విందు పెట్టినట్టుండాది" అన్నాడు యజమాని. ఏం సమాధానం చెప్తాం. సాయంత్రం నుంచి ఆ తోటవైపు ఎవరినీ పోనివ్వలేదు. తెల్లారి చూస్తే ఇసుకలో ముద్రలున్నాయి, వెడల్పు ఎనిమిది సెంటీమీటర్లకు కొంచెం తక్కువ.

ఆగస్టు

పరిహారం కాగితం ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు నడుస్తోంది. ఇది తొందరగా తేలకపోతే మేం నెలల తరబడి చెప్పినదంతా ఒక్క పురుగుమందు డబ్బా ముందు నిలవదు. ఊళ్ళో అడిగినవాళ్ళందరికీ ఈ మాటే చెప్తున్నాను. ప్రతి సోమవారం ఫోను చేసి అడిగే పని డిగ్రీ అమ్మాయి తీసుకుంది. ఆమె గొంతు వింటేనే అక్కడ ఫైలు వెతుకుతున్నారట.

టీకాలు పడ్డాయి. మేక పోయిన ఆయన ఉమ్మడి దొడ్డికి ఒప్పుకున్నాడు, తన స్థలం కూడా ఇస్తానన్నాడు. ఆయన తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు, వాళ్ళిద్దరికీ గట్టు తగాదా ఉంది. దాంట్లో మేం తలదూర్చం.

మామ దొడ్డి పైకప్పు వానకు తట్టుకుంది, ఒక మూల బొంగు మాత్రం మార్చాలి. ఫోను చేయాల్సిన కుర్రాడు బెంగళూరులో పనికి పోతున్నాడు, గోడ మీద పేరు మార్చాలి. ఈసారి పాలకేంద్రం అక్క నంబరు రాస్తున్నాం, ఆమె ఊరు వదిలి ఎక్కడికీ పోదు. పక్క ఊరి సర్పంచి డ్రిల్లు తమకూ చేయమన్నాడు. పులివేషం కుర్రాడు వస్తానన్నాడు గానీ, రాళ్ళు విసరబోమని ముందే మాట ఇవ్వాలట.